వెబ్‌సైటు పక్కన బడి: శ్రీకాకుళంలో ఒక డీఎస్సీ శిక్షణ సంస్థకు మూడిల్ అమర్చిన అనుభవం

2024 డిసెంబరులో ఒక సాయంత్రం మాస్టారు ఫోను చేశారు. శ్రీకాకుళంలో డీఎస్సీ అభ్యర్థులకు శిక్షణ ఇచ్చే సంస్థ ఆయనది. ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగ విరమణ చేశాక మొదలుపెట్టారు.

"బాబూ, మన వెబ్‌సైటులోనే పిల్లలు గ్రాండ్ టెస్టులు రాసుకునేలా చేయగలవా? ఇచ్ఛాపురం నుంచి ఒక అమ్మాయి ఆదివారం పరీక్ష కోసం తెల్లవారకముందే బస్సెక్కి వస్తోంది. రెండున్నర గంటల పరీక్షకు రోజంతా పోతోంది" అన్నారు.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లకు పైమాటే. సోంపేట, మందస, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. అసలు డీఎస్సీ పరీక్ష జరిగేది కంప్యూటర్ మీద. ఈ పిల్లలేమో కాగితం మీద ఓఎంఆర్ గుండ్రాలు దిద్దుతూ సాధన చేస్తున్నారు. మాస్టారి బాధలో ఈ రెండూ ఉన్నాయి.

వెబ్‌సైటు నేను చేసిందే. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే చిన్న సైటు. కోర్సుల వివరాలు, ఫీజులు, పాత ఫలితాలు, ఫోను నంబర్లు, వివరాలు అడిగేవాళ్లు నింపే ఒక ఫారం ఉంటాయి. ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. దాన్ని చూసే కొత్త విద్యార్థులు సంస్థకు ఫోను చేస్తారు. అంటే అది సంస్థకు వాకిలి. వాకిలి మూసుకుపోకుండా లోపల బడి కట్టాలన్నదే నాకు వచ్చిన పని. అప్పటికి దాన్ని నేను ఇంత స్పష్టంగా అర్థం చేసుకోలేదు. మొదటి రెండు నెలల తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

ప్లగిన్ ఎందుకు వద్దనుకున్నాను

వర్డ్‌ప్రెస్‌లోనే పాఠాలూ పరీక్షలూ నడిపే ప్లగిన్లు, అంటే దానికి తగిలించుకునే అదనపు భాగాలు, చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని నా కంప్యూటర్‌లో పెట్టి చూశాను. వీడియో పాఠాలు అమ్ముకునేవారికి అవి చక్కగా సరిపోతాయి. మాకు కావలసింది వేరు. వేలకొద్దీ బిట్ల (నాలుగు ఐచ్ఛికాలున్న చిన్న ప్రశ్నల) బ్యాంకు, అందులోంచి అంశాలవారీగా యాదృచ్ఛికంగా తీసిన ప్రశ్నపత్రం, ఒక్కో బిట్టు ఎంతమందికి తప్పుపోయిందో చెప్పే లెక్క. పైగా ఆ ప్లగిన్లు పరీక్ష జవాబులను కూడా సైటు డేటాబేసులోనే నింపుతాయి. సంస్థ చిరునామా చూపించే పేజీ, మూడు వందల మంది పిల్లల జవాబులు ఒకే డేటాబేసులో ఉండటం నాకు నచ్చలేదు.

మూడిల్ అంటే ఆన్‌లైన్‌లో పాఠాలూ పరీక్షలూ నడిపే సాఫ్ట్‌వేర్. అది 2002 నుంచి ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి ఏటా లైసెన్సు కట్టే పని లేదు. ప్రశ్నల బ్యాంకు, గణాంకాల నివేదిక, ఫోను యాప్ అందులోనే వస్తాయి. 4.5 వెర్షన్ 2024 అక్టోబరులో విడుదలైంది. దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్ అది, భద్రతా సవరణలు 2027 అక్టోబరు దాకా వస్తాయి. ఏటా వెర్షన్ మార్చే తీరిక లేని సంస్థకు ఇలాంటిదే ఎంచుకోవాలి. ఇంతవరకూ నా నిర్ణయం సరైనదే. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర పొరబడ్డాను.

ఫోల్డరులో పెట్టిన తప్పు

"మన వెబ్‌సైటులోనే" అని మాస్టారు అన్న మాటను అక్షరాలా పట్టుకున్నాను. పిల్లలకు చెప్పడం కూడా సులువని, పాత చిరునామా చివర గీత పెట్టి ఒక మాట చేర్చితే చాలనుకున్నాను. వర్డ్‌ప్రెస్ ఉన్న ఫోల్డరులోనే ఇంకో ఫోల్డరు తెరిచి మూడిల్ ఎక్కించాను. డేటాబేసు మాత్రం విడిగా తీసుకున్నాను. విద్యార్థుల ఫైళ్లుండే డేటా ఫోల్డరును, బయటివారు బ్రౌజరులో చిరునామా కొట్టి చేరుకోలేని చోట, వెబ్ ఫోల్డరుకు అవతల పెట్టాను. ఈ ఒక్క నియమం మీరెక్కడ మూడిల్ పెట్టినా తప్పకండి.

మొదటి దెబ్బ పీహెచ్‌పీ నుంచి తగిలింది. వర్డ్‌ప్రెస్, మూడిల్ రెండూ నడిచే ప్రోగ్రామింగ్ భాష అది. మూడిల్ 4.5కు కనీసం పీహెచ్‌పీ 8.1 కావాలి. వెబ్‌సైటుకు రూపునిచ్చే మా పాత థీమ్ 7.4 మీద నడుస్తోంది. ఆ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ వెర్షన్‌ను డొమైనుకు ఒకటి చొప్పున ఎంచుకోవచ్చు కానీ ఫోల్డరుకు ఒకటి కుదరదు. మూడిల్ కోసం పైకి మార్చాను. వెబ్‌సైటు మొదటి పేజీ బాగానే తెరుచుకుంది, నేను తృప్తిపడ్డాను. లోపలి పేజీలోని వివరాల ఫారం మాత్రం పనిచేయడం మానేసింది. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆ రెండు రోజుల్లో ఫారం నింపి జవాబు కోసం ఎదురుచూసినవాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

రెండోది హెచ్‌టీయాక్సెస్ ఫైలు, అంటే ఒక ఫోల్డరు విషయంలో సర్వరు పాటించాల్సిన నియమాలుండే ఫైలు. అపాచీ సర్వరులో పై ఫోల్డరు నియమాలు కింది ఫోల్డర్లకూ వర్తిస్తాయి. వర్డ్‌ప్రెస్ భద్రతా ప్లగిన్ అక్కడ రాసుకున్న నియమాలు మూడిల్ మీదా పడ్డాయి. మూడిల్ తన బొమ్మలనూ పీడీఎఫ్‌లనూ నేరుగా ఇవ్వదు, ఒక పీహెచ్‌పీ ఫైలు పేరు వెనక గీతలతో పొడవైన దారి తగిలించి ఇస్తుంది. భద్రతా నియమాలు దాన్ని దాడిగా లెక్కగట్టి ఆపేశాయి. గణితం బిట్లలో పటాలున్న చోటల్లా ఖాళీ గడులు కనిపించాయి. మూడిల్ ఫోల్డరులో సొంత హెచ్‌టీయాక్సెస్ పెట్టి, పై నుంచి వచ్చే దారిమళ్లింపు నియమాలను అక్కడ ఆపేస్తే సర్దుకుంది.

మూడోది బ్యాకప్. వెబ్‌సైటు ఫోల్డరు మొత్తాన్ని రాత్రిపూట నకలు తీసే ప్లగిన్, తన పక్కన చేరిన మూడిల్ కోడును కూడా ప్రతి రాత్రీ మోయడం మొదలుపెట్టింది. వారానికల్లా డిస్కు నిండింది.

ఒక్కోదానికీ ఒక్కో అతుకు వేసుకుంటూ పోయాను. మూడు అతుకులు పడ్డాక ఆగి ఆలోచించి ఉండాల్సింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

రథసప్తమి 2025 ఫిబ్రవరి 4న వచ్చింది. అరసవల్లి ఉత్సవం సందడి అయ్యాక, ఆ ఆదివారం మొదటి ఆన్‌లైన్ గ్రాండ్ టెస్టు పెట్టాం. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) నమూనాలో 160 బిట్లు, 80 మార్కులు, రెండున్నర గంటలు. సుమారు 280 మంది నమోదయ్యారు. ఉదయం 10 గంటలకు అందరికీ ఒకేసారి తెరుచుకునేలా సమయం పెట్టాను. అదే రోజు పేపరు జిల్లా పేజీలో సంస్థ కొత్త బ్యాచ్ ప్రకటన ఉంది, కింద వెబ్‌సైటు చిరునామాతో.

పదింటికి ఏం జరిగిందో లెక్కతో చెప్పాలి. ఒక విద్యార్థి పరీక్ష మొదలుపెట్టగానే మూడిల్ ఒక్కో బిట్టుకు డేటాబేసులో ఒక వరుస రాస్తుంది. అంటే 160. ఆ బిట్టు తొలి దశకు మరొకటి, ఐచ్ఛికాలు ఏ క్రమంలో చూపించిందో గుర్తుంచుకోవడానికి ఇంకొకటి. మొత్తం 480 వరుసలు. 280 మంది ఒకే నిమిషంలో నొక్కితే 1,34,400. షేర్డ్ హోస్టింగ్‌లో ఒక ఖాతాకు ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటగానే అందరికీ 508 నంబరు దోష సందేశం కనిపించింది. ఒకే ఖాతా కాబట్టి వెబ్‌సైటుకూ అదే గతి పట్టింది. పేపరు చేతిలో పట్టుకుని చిరునామా కొట్టినవాళ్లకు ఖాళీ పేజీ.

మాస్టారు ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. "పిల్లలు ఏడుస్తున్నారు బాబూ, ముందు వాళ్లకేదో ఒకటి చెప్పు" అన్నారు.

మధ్యాహ్నానికి సైటు తేరుకుంది కానీ ఇంకో చిక్కు బయటపడింది. మధ్యలో తెగిపోయినవాళ్ల పరీక్షలు గడువు దాటినా "జరుగుతోంది" అనే చూపిస్తున్నాయి. గడువు ముగిసిన పరీక్షలను మూసి మార్కులు వేసేది క్రాన్, అంటే సర్వరులో నిర్ణీత వ్యవధుల్లో దానంతటదే నడిచే పని. దాన్ని నిమిషానికోసారి నడపమని మూడిల్ పత్రాలు చెబుతాయి. సర్వరు మీద బరువు తగ్గుతుందనుకుని నేను గంటకోసారి పెట్టాను. ఆ రోజు సాయంత్రం దాకా పిల్లలు తమ మార్కుల కోసం ఫోను చేస్తూనే ఉన్నారు. ఆ పరీక్షను రద్దు చేసి, తర్వాతి రెండు వారాలు మళ్లీ కాగితాల మీదే నడిపాం.

గోడ కట్టడం

పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెరటి గోడలో చిన్న తలుపు ఒకటి ఉంచుకుంటారు. పొయ్యి వేరు, నుయ్యి వేరు, రాకపోకలు మాత్రం ఉంటాయి. వెబ్‌సైటుకూ మూడిల్‌కూ మధ్య అలాంటి ఏర్పాటే కావాలని ఆ ఆదివారం రాత్రి నిశ్చయించుకున్నాను.

వెబ్‌సైటును పాత హోస్టింగ్‌లోనే ఉంచాం. మూడిల్‌కు విడిగా ఒక వర్చువల్ సర్వరు తీసుకున్నాం: రెండు సీపీయూలు, 4 జీబీ మెమరీ, ఉబుంటు 24.04. అందులో పీహెచ్‌పీ 8.3, మరియాడీబీ 10.11 వస్తాయి, రెండూ మూడిల్ 4.5కు సరిపోతాయి. మూడిల్‌కు సబ్‌డొమైన్ (అసలు డొమైను ముందు ఒక మాట చేర్చిన) పేరు పెట్టి, పేర్లను సర్వర్ల చిరునామాలతో కలిపే డీఎన్‌ఎస్‌లో ఆ ఒక్క పేరుకు కొత్త ఐపీ చిరునామా రాశాం. అసలు డొమైను వరుసలను ముట్టుకోలేదు. సబ్‌డొమైనుకు విడిగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా ధ్రువపత్రం తీసుకున్నాను. అది 90 రోజులకే ముగుస్తుంది కాబట్టి దానంతటదే పునరుద్ధరణ అయ్యేలా పెట్టి, ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూసుకున్నాను.

తరలింపులో వరుస ముఖ్యం. ముందు మూడిల్‌ను మరమ్మతు స్థితిలో పెట్టాలి, లేకపోతే నకలు తీస్తుండగా ఎవరో ఒకరు ఏదో రాస్తూ ఉంటారు. తర్వాత కోడు, డేటా ఫోల్డరు, డేటాబేసు, ఈ మూడింటినీ ఒకే సమయానివి తీసుకోవాలి. కొత్త చోట కాన్ఫిగ్ ఫైలులో సైటు చిరునామా, డేటా ఫోల్డరు దారి, డేటాబేసు వివరాలు మార్చాలి. మూడిల్ తనలో ఎక్కించిన ఫైళ్లకు పూర్తి చిరునామా దాచుకోదు కాబట్టి బొమ్మలూ పీడీఎఫ్‌లూ వాటంతటవే వచ్చేశాయి. అధ్యాపకులు పాఠాల మధ్య చేత్తో అతికించిన పూర్తి లింకులు మాత్రం పాత చోటునే చూపిస్తున్నాయి. మూడిల్‌లోనే ఉన్న వెతికి మార్చే సాధనంతో వాటిని సరిచేశాను. వాట్సాప్ బృందాల్లో అప్పటికే తిరుగుతున్న పాత చిరునామాను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించాను. కొత్త సర్వరు గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉంటుందని మరిచిపోకండి, మూడిల్ అమరికల్లో కోల్‌కతా సమయం ఎంచుకోకపోతే పది గంటల పరీక్ష మధ్యాహ్నం మూడున్నరకు తెరుచుకుంటుంది.

పీహెచ్‌పీ అమరికల్లో మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ అన్నది మామూలుగా 1000 ఉంటుంది, దాన్ని 5000 చేయందే మూడిల్ ముందుకు కదలదు. పెద్ద ఫారాలను మధ్యలో కోసేసే అమరిక అది, కాబట్టి ఆ పట్టుదల న్యాయమైనదే.

తలుపు చిన్నదిగానే ఉంచాం. వెబ్‌సైటు పై వరుసలో "విద్యార్థుల లాగిన్" అన్న లింకు, మూడిల్ పై వరుసలో "సంస్థ వెబ్‌సైటు" అన్న లింకు, రెండింటికీ ఒకే చిహ్నం, ఒకే రంగు. రెండు చోట్లా ఒకే లాగిన్ పనిచేసేలా కలిపే ప్లగిన్లు ఉన్నాయి. మాస్టారి కుమార్తె వాటి గురించి చదివి అడిగారు కూడా. మా వెబ్‌సైటులో విద్యార్థులకు లాగిన్ అన్నదే లేదు, ఫీజు కౌంటరు దగ్గరే కడతారు. లేని దానికి వంతెన ఎందుకని ఆమెకు వివరించాను. ఫీజులు ఆన్‌లైన్‌లో తీసుకునే సంస్థకైతే నా సలహా వేరుగా ఉంటుంది.

పరీక్ష తీరు కూడా మార్చాం. అందరూ పదింటికే మొదలుపెట్టనక్కర్లేదు, ఎనిమిది నుంచి పదకొండు మధ్య ఎప్పుడు మొదలుపెట్టినా వారికి రెండున్నర గంటలు ఉంటాయి. బ్యాచ్‌ల వారీగా సమయం కూడా సూచించాం. జవాబులను దానంతటదే భద్రపరిచే వ్యవధి ఒక నిమిషం నుంచి రెండు నిమిషాలకు పెంచాను. 280 మందికి అది సెకనుకు దాదాపు ఐదు విన్నపాల నుంచి రెండు, మూడుకు తగ్గుతుంది. కరెంటు పోతే గరిష్ఠంగా రెండు నిమిషాల శ్రమ పోతుంది. ఈ లాభనష్టాలు అధ్యాపకులతో చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే మార్చాను. మార్చిలో మొదట 40 మందితో, తర్వాత అందరితో పెట్టాం. సర్వరు నిలబడింది.

బిట్ల బ్యాంకు

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఒక రోజు పట్టింది. బిట్లు ఎక్కించడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ పని చేయబోయే మిగతావారికి నేను చెప్పదలచినదంతా ఇక్కడే ఉంది.

సంస్థ దగ్గర ఏళ్లుగా కూర్చిన బిట్లున్నాయి. అన్నీ డీటీపీ చేసే ఒకాయన దగ్గర, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. తెరమీద అది చక్కటి తెలుగు. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ పాఠాన్ని తెచ్చి మూడిల్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. అవి సంకేతానికి అక్షరం చొప్పున మారుస్తాయి. చిక్కేమిటంటే డీఎస్సీ బిట్లలో తెలుగు మధ్యలో ఇంగ్లిషు వస్తూనే ఉంటుంది. పియాజె, కోల్‌బర్గ్ లాంటి పేర్లు, గణితంలో ఎక్స్, వై, ఐచ్ఛికాలకు ముందుండే ఏ, బీ, సీ, డీ. పేజ్‌మేకర్‌లో వాటికి వేరే ఫాంటు ఉంటుంది. ఉత్త పాఠంగా బయటికి తీశాక ఆ తేడా చెరిగిపోతుంది. మార్చే సాధనానికి అన్నీ ఒకటే కాబట్టి కోల్‌బర్గ్ పేరు కూడా తెలుగు ముక్కలుగా మారిపోతుంది.

రెండో చిక్కు వత్తులది. పాత ఫాంట్లలో కంటికి కనిపించే వరుసలో టైపు చేస్తారు, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి. ర వత్తు అక్షరానికి ఎడమవైపు నుంచి వచ్చి చుడుతుంది కాబట్టి దాన్ని ముందే కొడతారు. మార్చేటప్పుడు కొన్నిచోట్ల ఆ వత్తు ముందరి అక్షరానికి అంటుకుంది. తెలుగు కంటెంటు బిట్లలో ఇది ప్రాణాంతకం. సంధులూ ఛందస్సూ అడిగే బిట్టులో ఒక వత్తు మారితే జవాబే మారిపోతుంది.

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. డీటీపీ ఆయన ముందు పేజ్‌మేకర్‌లోనే ఇంగ్లిషు ఫాంటు ఉన్న ప్రతి ముక్కకూ రెండువైపులా ఒక గుర్తు పెట్టారు. నేను రాసిన చిన్న ప్రోగ్రాము ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని వదిలేసి మిగతాది మార్చింది. ఆ తర్వాత ఆ సబ్జెక్టు అధ్యాపకులే ప్రతి బిట్టూ చదివారు. చదవకుండా ఒక్కటీ లోపలికి పోనివ్వలేదు. పనికి వేగం కావాలని నేను తొందరపడినప్పుడు తెలుగు చెప్పే మేడమ్ ఒప్పుకోలేదు. "మా పిల్లలు తప్పు చదివి గుర్తుపెట్టుకుంటే దాన్ని చెరపలేం నాయనా" అన్నారు. ఆమె మాటే నిలిచింది, నిలవాల్సిందే.

మూడిల్‌లోకి ఎక్కించడానికి ఐకెన్ అనే సాదా రూపం ఎంచుకున్నాం. ప్రశ్న ఒక వరుస, ఐచ్ఛికాలు నాలుగు వరుసలు, చివర జవాబు వరుస. ఆ చివరి వరుసలోని మాట, ఐచ్ఛికం అక్షరం ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ఫైలును యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8గా భద్రపరచాలి. ఆఫీసులోని పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ దానంతటది ఆన్సీ అని ఎంచుకుంటుంది, అలా భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మిగులుతుంది. ఒక మధ్యాహ్నం పనంతా అలాగే పోయింది.

గిఫ్ట్ అనే ఇంకో రూపం మరింత శక్తిమంతమైనది కానీ అందులో సమాన గుర్తుకు ప్రత్యేక అర్థం ఉంది. గణితం బిట్లలో ప్రతి సమీకరణంలోనూ ఆ గుర్తు ముందు వెనుగీత (బ్యాక్‌స్లాష్) పెట్టాలి. టైపు చేసేవారికి అది అనవసర భారం. ఐకెన్‌కు ఉన్న లోపమల్లా ప్రశ్న ఒకే వరుసలో ఉండాలనడం. "జతపరచండి" బిట్లు, రెండు ప్రవచనాలిచ్చి ఏది సరైనదని అడిగే బిట్లు అందులో ఇమడవు. వాటిని నేరుగా మూడిల్ ఎడిటరులో పట్టికలు గీసి చేర్చాం.

ఒక వెసులుబాటు చెబుతాను. ఎస్జీటీలో బిట్టుకు అర మార్కు. దిగుమతి చేస్తే ప్రతి బిట్టుకూ ఒక మార్కు పడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా మార్చనక్కర్లేదు. పరీక్ష అమరికలో గరిష్ఠ మార్కులు 80 అని పెడితే 160ని 80కి మూడిలే కుదించి చూపిస్తుంది.

పేర్లు, ఈమెయిళ్లు

విద్యార్థుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా ఎక్కించాం. ప్రవేశ సంఖ్యే లాగిన్ పేరు. ఫోను నంబరు పెడదామని గుమస్తా అన్నారు కానీ ఒప్పుకోలేదు. ఫోను నంబరు మారుతుంది, పైగా అది వ్యక్తిగత సమాచారం. మామూలు అమరికలో మూడిల్ ప్రతి ఒక్కరికీ వేరువేరు ఈమెయిలు అడుగుతుంది. ఊళ్లోని నెట్ సెంటరు వాళ్ల ఈమెయిలుతోనే దరఖాస్తులన్నీ పెట్టినవాళ్లు మా జాబితాలో చాలామంది ఉన్నారు, ఒకే చిరునామా పదకొండు మందికి. కల్పిత చిరునామాలు పెడితే ఉత్తరాలు తిరిగొచ్చి మా సర్వరు పేరే చెడుతుంది. అందుకని సొంత ఈమెయిలు లేనివాళ్లకు ప్రవేశ సంఖ్యతో మా సబ్‌డొమైను కిందే చిరునామా రాసి, వాళ్లకు ఈమెయిళ్లు వెళ్లకుండా ఆపాం. పాస్‌వర్డు మరిచిపోతే ఆఫీసుకు ఫోను చేయాలి. అది అంత అందమైన పరిష్కారం కాదు, కానీ వాళ్ల పరిస్థితికి సరిపోయింది.

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. మూడిల్ ఇంగ్లిషు అమరికలో చివరికి పంపేస్తుంది. హాల్ టికెట్ మీద ఉన్న వరుసలోనే పేరు కనిపించాలని పిల్లలు పట్టుబట్టారు. పూర్తి పేరు చూపించే అమరికలో వరుస తిరగేస్తే సరిపోయింది. సర్టిఫికెట్ల సంగతి మాత్రం తేలలేదు. మూడిల్ పీడీఎఫ్ తయారుచేయడానికి వాడే గ్రంథాలయం తెలుగు అక్షరాలను వత్తులతో సరిగా కూర్చలేదు, వత్తు విడిపోయి పక్కన పడుతుంది. అందుకని తెలుగు వాక్యాలన్నీ నేపథ్య చిత్రంలో ముందే వేసి, పేరు మాత్రం ఇంగ్లిషులో వచ్చేలా పెట్టాం. తమ పేరు తెలుగులో చూసుకోవాలనుకున్న పిల్లలకు నేను ఇంకా బాకీ ఉన్నాను.

కొండ మీది ఫోను

సీతంపేట ఏజెన్సీ నుంచీ మందస కొండల వైపు నుంచీ వచ్చే పిల్లలకు సిగ్నల్ ఊరంతా ఉండదు. మూడిల్ యాప్‌లో పరీక్షను ముందే దించుకుని, నెట్ లేకుండా రాసి, సిగ్నల్ దొరికాక పంపే వీలుంది. పరీక్ష అమరికలో ఆ అనుమతి ఇవ్వాలి. సమయ పరిమితి ఉన్న పరీక్షకు ఇది పనికిరాదు. జవాబులన్నీ పంపాకే ఫలితం చూపించే రకం పరీక్షకే వర్తిస్తుంది.

ఈ నియమం చూశాక సాధననే రెండుగా విడదీశాం. రోజూ 20 బిట్ల చిన్న పరీక్ష, సమయ పరిమితి లేకుండా, నెట్ లేకపోయినా రాసుకునేలా. వారానికోసారి సమయం పెట్టి గ్రాండ్ టెస్టు, దానికి నెట్ ఉన్న చోటికి రావాలి. మెళియాపుట్టి దగ్గరి ఒక అబ్బాయి రాత్రి ఇంట్లో రాసి, ఉదయం బస్టాపు దగ్గరికి వచ్చాక పంపుతాడు. ఏడుంబావు ప్రాంతంలో అతని జవాబులు వచ్చి పడటం సర్వరు లాగ్‌లో చూస్తుంటాను.

గ్రాండ్ టెస్టు మధ్యలో కరెంటు పోయినవాళ్లకు ఆ ఒక్కరికే సమయం పెంచే వీలు మూడిల్‌లో ఉంది. ఇది ఇచ్చే అధికారం నా దగ్గర ఉంచుకోకుండా ఆఫీసుకే అప్పగించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అక్కడి నుంచి వచ్చిన గుమస్తాకు ఎవరికి సమయం ఇవ్వాలో నాకంటే బాగా తెలుసు.

కీ తప్పని బిట్టు చెప్పింది

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. ఆ మధ్య వారాల్లో సర్వరుకు క్షణం తీరిక లేదు. నేను మాత్రం ప్రతి గ్రాండ్ టెస్టు తర్వాతా గణాంకాల నివేదిక తీసి అధ్యాపకుల ముందు పెట్టేవాణ్ని. ఒక్కో బిట్టును ఎంత శాతం మంది సరిగా రాశారో అందులో ఉంటుంది. ఇంకో అంకె మరీ ముఖ్యం: మొత్తం మీద బాగా రాసినవాళ్లు ఈ బిట్టును బాగా రాశారా లేదా అని చెప్పేది. అది సున్నాకు దిగువకు పోయిందంటే, చదివినవాళ్లు తప్పు రాసి చదవనివాళ్లు ఒప్పు రాశారన్నమాట. సాధారణంగా దానికి కారణం బిట్టులోనే ఉంటుంది.

అలాంటి మొదటి బిట్టు సైకాలజీలో దొరికింది. కీలో బి ఉంది. మంచి మార్కులు వచ్చిన పిల్లలందరూ సి పెట్టారు. ఆ అధ్యాపకులు మొదట పిల్లలదే తప్పన్నారు, పుస్తకం తెరిచి చూసి చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఏళ్లుగా ఆ కీతోనే ఆ బిట్టు ముద్రణ అవుతోంది. కీ సరిచేసి మళ్లీ మార్కులు వేయించాం. మూడిల్‌లో రీగ్రేడ్ అని ఒక మీట ఉంది, పాత జవాబులన్నిటికీ కొత్త కీ ప్రకారం మార్కులు మారతాయి. ఆయన తర్వాతి వారం తన బిట్లన్నీ ఇంటికి తీసుకువెళ్లి మొదటి నుంచి చదువుకుని వచ్చారు. ఎవరూ చెప్పకుండానే.

కాగితం మీద పరీక్షలు పెట్టినన్నాళ్లూ ఈ లెక్క తీయడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఆగస్టులో మాస్టారి కుమార్తె వెబ్‌సైటు రూపురేఖలన్నీ మార్చాలన్నారు. కొత్త థీమ్, కొత్త ఫొటోలు, కొత్త వరుసలు. ఒక ఆదివారం ఉదయం పాత థీమ్ తీసేసి కొత్తది పెడుతుండగా వెబ్‌సైటు దాదాపు గంటసేపు తెరుచుకోలేదు. అదే సమయంలో పక్క సర్వరు మీద తర్వాతి బ్యాచ్ వాళ్లు గ్రాండ్ టెస్టు రాస్తున్నారు. ఒక్క ఫోను కూడా రాలేదు. మధ్యాహ్నం చూసుకుంటే కొత్త పై వరుసలో "విద్యార్థుల లాగిన్" లింకు పెట్టడమే మరిచిపోయాం. పిల్లలంతా యాప్ నుంచి వస్తున్నారు కాబట్టి ఎవరూ అడగలేదు. లింకు చేర్చి, మాస్టారికి ఫోను చేసి చెప్పాను.